నువ్వుల చేను: విత్తే తేదీ, యూరియా లెక్క

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం యాసంగి నువ్వుల మీదే ఉన్నాయి. ఎప్పుడు విత్తాలి, ఎంత యూరియా వేయాలి అని రెండూ వేరు వేరు ప్రశ్నలుగా అడుగుతున్నారు. నిజానికి అవి ఒకటే ప్రశ్న. విత్తిన తేదీని బట్టే ఆ పైరు యూరియాలోని నత్రజనిని ఎంత మేర గింజగా మార్చగలదో తేలుతుంది. అందుకే ఒకదానికొకటి తగిలే ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఎకరంన్నరలో పసుపు ఉంది. తవ్వి చేను ఖాళీ చేసేసరికి ఫిబ్రవరి ఆఖరు అవుతుంది. దున్ని నువ్వులు వేసేసరికి మార్చి మొదటి వారం దాటేలా ఉంది. ఆలస్యమైనా ఒక బస్తా యూరియా ఎక్కువ వేస్తే పైరు అందుకుంటుందని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, మెట్‌పల్లి)

జవాబు: అందుకోదు. పైరు పెరగడం అందుకుంటుంది, గింజ అందుకోదు. ఎందుకో క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి.

జనవరి 25న విత్తిన 85-90 రోజుల రకం మార్చి మొదటి వారంలో పూతకు వస్తుంది. కాయలో గింజ నిండే పని మార్చి నెలంతా, ఏప్రిల్ మొదటి వారం దాకా సాగుతుంది. ఏప్రిల్ 20-25 మధ్య కోతకు వస్తుంది. అదే రకం మార్చి 8న విత్తితే పూత ఏప్రిల్ రెండో వారంలో, గింజ నిండేది మే నెలలో, కోత జూన్ మొదటి వారానికి అటూ ఇటూగా. అంటే పూత, గింజ రెండూ ఏడాదిలో అన్నిటికన్నా వేడి రోజుల్లో పడతాయి. పగటి వేడి 40 డిగ్రీలు దాటితే పుప్పొడికి సత్తువ తగ్గుతుంది, పూత రాలుతుంది, నిలిచిన కాయలోనూ గింజ సన్నబడుతుంది. దానికి తోడు మే నెలలో బావులూ బోర్లూ అడుగంటుతాయి. కోత సమయానికి ఈదురుగాలి, తొలకరి వాన. కోసి నిలబెట్టిన కట్టలు తడిస్తే తెల్ల నువ్వు రంగు మారిపోతుంది, మార్కెట్లో ధర పడిపోతుంది.

ఇక ఆ అదనపు బస్తా సంగతి. నత్రజని ఎక్కువైతే ముందు పెరిగేది ఆకు. ఆకు ఎంత పెరిగితే నీరు అంత అడుగుతుంది. నీరు తగ్గే రోజుల్లో ఆకు పెంచుకోవడమంటే పైరును కావాలని ఇబ్బందిలో పెట్టడమే. పైగా కోత మరో వారం వెనక్కి జరుగుతుంది. ఆలస్యానికి మందు అనుకున్నదే ఆలస్యాన్ని పెంచుతుంది.

మీరు చేయగలిగినవి ఇవి. పసుపు మొత్తం తవ్వేదాకా ఆగకండి. ముందు తవ్విన మేర ముందే దున్ని, ఫిబ్రవరి రెండో పక్షంలో ఆ ముక్కలో విత్తేయండి. 85-90 రోజుల రకం కాకుండా 70-75 రోజుల్లో వచ్చే మాధవి లాంటిది తీసుకోండి. పసుపుకు మీరు వేసిన పెంట, ఎరువుల నిల్వ నేలలో కొంత ఉంటుంది కాబట్టి దుక్కిలో వేసే నత్రజనిని సగానికి తగ్గించవచ్చు. భూసార పరీక్ష చీటీ ఉంటే దాని ప్రకారమే పోండి. మార్చి మొదటి వారం దాటాక మిగిలిన ముక్కలో నువ్వు వేయవద్దు. వేసవి దుక్కి చేసి వదిలేస్తే విత్తనం, ఎరువు, కూలీ డబ్బులైనా మిగులుతాయి.

ప్రశ్న: పోయిన యాసంగిలో ఎకరానికి విత్తేటప్పుడు ఒక బస్తా డీఏపీ, తర్వాత రెండు బస్తాల యూరియా వేశాం. చేను నల్లగా, మనిషి భుజం దాకా పెరిగింది. చూసినవాళ్లంతా ఈసారి పంట మీదే అన్నారు. తీరా గాలికి సగం పడిపోయింది. గింజ రెండున్నర క్వింటాళ్లు కూడా రాలేదు. లోపం ఎక్కడ?
(ఒక పాఠకుడు, జగిత్యాల మండలం)

జవాబు: లోపం మీ ఉత్తరంలోనే ఉంది, లెక్క కడితే కనిపిస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజని. ఇప్పుడు బస్తా 45 కిలోలే కాబట్టి ఒక బస్తాలో 20.7 కిలోల నత్రజని. రెండు బస్తాలకు 41.4. డీఏపీ 50 కిలోల బస్తాలో 18 శాతం చొప్పున 9 కిలోలు. మొత్తం 50 కిలోల పైమాట. నీటి వసతి ఉన్న నువ్వుకు సాధారణ సిఫార్సు ఎకరానికి 24 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరం, 8 కిలోల పొటాష్. మీరు వేసింది రెండింతలు దాటింది.

ఇంకో వైపు నుంచీ చూడండి. నువ్వు గింజలో మాంసకృత్తులు సుమారు 20 శాతం. నాలుగు క్వింటాళ్ల గింజలో 80 కిలోల మాంసకృత్తులు, అందులో నత్రజని 13 కిలోలకు మించదు. కాడకూ ఆకుకూ మరికొంత కావాలి, వేసినదాంట్లో కొంత ఆవిరిగానూ నీటితోనూ పోతుంది. ఇవన్నీ కలుపుకున్నా 50 కిలోలు పెట్టుకోవడానికి ఆ మొక్కలో చోటు లేదు.

మిగిలిన నత్రజని ఏం చేసిందంటే, కణుపుకు కణుపుకు మధ్య దూరాన్ని సాగదీసింది. మామూలుగా మోకాలి కింద మొదలవ్వాల్సిన తొలి కాయ నడుము ఎత్తున మొదలవుతుంది. ఆ కిందిదంతా ఉత్త కాడే. ఆకు గుబురులో గాలి, ఎండ లోపలికి చేరక కింది పూత రాలిపోతుంది, బూడిద తెగులుకు అనువవుతుంది. కాడ మెత్తబడి, బరువంతా పైన చేరి, గాలికి వాలిపోతుంది. నిలిచిన గింజలోనూ మాంసకృత్తులు పెరిగి ఆ మేరకు నూనె శాతం తగ్గుతుంది. నూనె కోసం పండించే పంటలో ఇది రెండో దెబ్బ.

ఈసారి ఇలా వేయండి. ఆఖరి దుక్కిలో ఎకరానికి రెండు మూడు టన్నుల చివికిన పశువుల ఎరువు. విత్తేటప్పుడు యూరియా 26 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 50 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 13 కిలోలు. నెల రోజులకు కలుపు తీశాక మరో 26 కిలోల యూరియా. మొత్తం యూరియా 52 కిలోలు, అంటే ఒక బస్తా మీద ఏడు కిలోలు. అంతే.

భాస్వరానికి డీఏపీ కన్నా సూపరే ఎందుకంటే దాంతో పాటు అయిదారు కిలోల గంధకం ఉచితంగా వస్తుంది. నూనెగింజకు గంధకం తప్పనిసరి, డీఏపీలో అది ఉండదు. సూపర్ దొరక్క డీఏపీయే వేయాల్సివస్తే 17-18 కిలోలు చాలు, బస్తా అక్కర్లేదు. దాంట్లోంచి 3 కిలోల నత్రజని వస్తుంది కాబట్టి మొదటి దఫా యూరియాను 26 నుంచి 19-20 కిలోలకు తగ్గించండి. గంధకం విడిగా చూసుకోండి.

ప్రశ్న: అందరికన్నా ముందుగా జనవరి మొదటి వారంలోనే విత్తాం. మొలక సగం కూడా రాలేదు. వచ్చిన చోట గుంపులు గుంపులుగా వచ్చింది. విత్తనంతో కలిపి యూరియా కూడా గొర్రులో పోశాం. విత్తనం మంచిది కాదా?
(ఒక పాఠకుడు, నిర్మల్)

జవాబు: విత్తనాన్ని అనుమానించే ముందు మూడు విషయాలు చూడాలి. మొదటిది చలి. నువ్వు వేడి కోరే పంట. మీ వైపు జనవరి మొదట్లో రాత్రి చలి బాగా ఉంటుంది. నేల చల్లగా ఉంటే గింజ రోజుల తరబడి తడిలో ఊరిపోయి కుళ్లుతుంది. మొలిచినా పదిహేను రోజులు కదలకుండా కూర్చుంటుంది. అందుకే తెలంగాణలో వేసవి నువ్వుకు జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి సగం దాకా అని గడువు పెట్టారు. తొందరపడినవారికీ ఆలస్యం చేసినవారికీ ఇద్దరికీ నష్టమే.

రెండోది, విత్తనంతో యూరియా కలపడం. ఇది ఎప్పుడూ చేయకూడదు. వెయ్యి నువ్వు గింజలు తూచితే మూడు గ్రాములు. అంత చిన్న గింజ పక్కనే యూరియా కరిగితే వెలువడే అమ్మోనియాకే మొలక చచ్చిపోతుంది. ఎరువు గింజకు రెండు అంగుళాలు పక్కగా, కొంచెం లోతుగా పడాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఆఖరి దుక్కిలోనే చల్లి కలియదున్నండి.

మూడోది లోతు. గింజ 2-3 సెంటీమీటర్లు దాటి లోపలికి పోకూడదు. నల్లరేగడిలో విత్తాక తడి ఇస్తే పైన పొర కట్టి మొలకను ఆపేస్తుంది. అందుకే ముందు తడి ఇచ్చి, అదునులో విత్తడం మేలు.

గుంపులు రాకుండా ఉండాలంటే ఎకరానికి రెండున్నర కిలోల విత్తనాన్ని మూడింతల సన్నని పొడి ఇసుకతో కలపండి. కుళ్లు రాకుండా కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు పట్టించడం మరవకండి. ఆ రెండున్నర కిలోల్లో ఎనిమిది లక్షల గింజలుంటాయి. వరసల మధ్య 30, మొక్కల మధ్య 15 సెంటీమీటర్లు పెడితే ఎకరంలో నిలవాల్సినవి 90 వేలు. అందుకని 15 రోజులకు పలచన చేయడం తప్పదు. చాలామంది కైకిలి ఖర్చుకు జడిసి ఈ పని వదిలేస్తారు. ఆ తర్వాత పీలగా పెరిగిన మొక్కల్ని చూసి నత్రజని తక్కువైందనుకుని యూరియా చల్లుతారు. గుంపులో ఉన్న మొక్కకు కావాల్సింది ఎరువు కాదు, చోటు.

ప్రశ్న: రెండో దఫా యూరియా 30 రోజులకు వేయాలన్నారు. పనుల్లో పడి 50 రోజులైంది. ఇప్పుడు వేయొచ్చా?
(ఒక పాఠకురాలు, కోరుట్ల)

జవాబు: వద్దమ్మా. నువ్వు కింది నుంచి పైకి పూస్తూ పోయే మొక్క. 50 రోజులకు కింద కాయలు నిండుతుంటాయి. ఇప్పుడు యూరియా పడితే తలలో కొత్త చిగురు, కొత్త పూత వస్తాయి. కింది కాయ ఎండి పగిలే వేళకు పై కాయ పాలు పట్టుకుని ఉంటుంది. కోయాలన్నా చిక్కే, ఆగాలన్నా చిక్కే. ఆకులు మరీ పాలిపోయి ఉంటే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి చల్లని పూట ఒకసారి పిచికారీ చేయండి. లేదంటే నీటి తడులు చూసుకోండి. పూత నుంచి గింజ నిండేదాకా, అంటే 35వ రోజు నుంచి 70వ రోజు దాకా, నేలలో తేమ తగ్గకుండా చూస్తే అదే మేలు.

వచ్చే ఏడు సమయానికి వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మంచు తడి ఉన్న ఆకుల మీద యూరియా చల్లితే గుళికలు అంటుకున్న చోటల్లా ఆకు మాడుతుంది. ఆకులు ఆరాక, సాయంత్రం, మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో వరస వెంట వేసి గుంటకతో మట్టి కప్పి, మర్నాడు తేలికగా తడి ఇవ్వండి. తేమ ఉన్న నేల మీద పోసి ఎండకు వదిలేస్తే కొంత ఆవిరైపోతుంది.

ప్రశ్న: వరి కోసిన మడిలో నువ్వులు వేశాం. ఒక తడికి నీళ్లు ఒక మూలన రెండు రోజులు నిలిచాయి. ఆ మూలంతా పసుపు పచ్చగా అయింది. యూరియా చల్లితే తేరుకుంటుందా?
(ఒక పాఠకుడు, ధర్మపురి)

జవాబు: ముందు నీళ్లు తీసేయండి, యూరియా తర్వాత. నీరు నిలిచినప్పుడు వేరుకు గాలి ఆడదు. గాలి ఆడని వేరు ఎరువు తీసుకోలేదు. నేలలో ఉన్నదాన్నే వాడుకోలేని మొక్కకు పైన ఇంకొంత పోసి లాభం లేదు. చిన్న కాలువ తీసి నీటిని బయటికి పంపండి. నేల ఆరాక గుంటక తోలండి. అప్పుడు లీటరుకు 20 గ్రాముల యూరియా ద్రావణం ఆకుల మీద పిచికారీ చేస్తే మొక్క కొంత తేరుకుంటుంది. వారం తర్వాత మరోసారి చేయవచ్చు. మొదళ్లు నల్లబడి, లాగితే వేరు బెరడు ఊడివచ్చే మొక్కలు మాత్రం బతకవు. వాటిని పీకేయండి.

పసుపు రంగు చూడగానే నత్రజని లోపం అనుకోవద్దు. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు పాలిపోతాయి. గంధకం తక్కువైతే పై లేతాకులు ముందు పాలిపోతాయి. నీరు నిలిచిన చోట మొక్క మొత్తం ఒక్కసారిగా వాడి పసుపుబారుతుంది, అదీ పల్లపు మూలలోనే. చేలో నాలుగు చోట్ల వంగి చూస్తే తేడా తెలుస్తుంది. వరి మడిలో నువ్వు వేసేవారు విత్తే ముందే మడి చుట్టూ, మధ్యలో కాలువలు తీసుకోవాలి.

ప్రశ్న: మాకు బావులు లేవు. మే వానలకు నువ్వులు వేసి, ఆగస్టులో తీసి ఉలవలు చల్లుకుంటాం. యాసంగి పంటకు చెప్పే మోతాదే మాకూ వర్తిస్తుందా?
(ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా)

జవాబు: వర్తించదు. వర్షాధారానికి ఎకరానికి 16 కిలోల నత్రజని చాలు. యూరియాగా 35 కిలోలు. దీంట్లో సగం విత్తేటప్పుడు, సగం నెల రోజులకు. భాస్వరం, పొటాష్ మామూలే, ఎనిమిదేసి కిలోలు. రెండో సగం మాత్రం నేల తడిగా ఉంటేనే. వాన లేదని పొడినేలలో చల్లితే మొక్కకు అందదు. అయిదారు రోజులు ఆగి, వాన పడ్డాక వేయండి. 45 రోజుల దాకా వాన రాకపోతే ఆ సగాన్ని వదిలేసి పిచికారీతో సరిపెట్టుకోండి. అయితే పిచికారీని ఎక్కువగా ఊహించుకోవద్దు. ఎకరానికి 200 లీటర్ల ద్రావణంలో పోయేది 4 కిలోల యూరియా, అంటే 2 కిలోల లోపు నత్రజని. అది ఎండకు వాడిన మొక్కను నిలబెట్టడానికే, ఎరువుకు బదులు కాదు.

మీ ప్రాంతంలో మే రెండో పక్షం మంచి అదును. ఒక్క జల్లుకే తొందరపడకండి. జానెడు లోతు తడిసిందని చేత్తో తవ్వి చూసుకుని విత్తండి. జూలైకి జరిగితే పూత, కాయ ముసురు రోజుల్లో పడి ఆకుమచ్చ, కుళ్లు పెరుగుతాయి. ఉలవల అదునూ తప్పుతుంది. యలమంచిలి పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకాల్లో శారద అనే యలమంచిలి 66 మీ ప్రాంతానికి బాగా సరిపోతుంది.

ప్రశ్న: పూలు పూయాల్సిన చోట చిన్న చిన్న ఆకుల గుత్తులు వస్తున్నాయి. యూరియా ఎక్కువైతే ఇలా అవుతుందంటున్నారు.
(ఒక పాఠకుడు, ఆర్మూరు)

జవాబు: యూరియా నేరుగా కారణం కాదు. ఇది వెర్రి తెగులు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. పచ్చదోమ జాతికి చెందిన దీపపు పురుగులు రోగం ఉన్న మొక్క రసం పీల్చి, మరో మొక్కకు అంటిస్తాయి. యూరియా పాత్ర పరోక్షం. లేత ఆకు గుబురుగా ఉన్న చేను వీటికి విందు. ఆలస్యంగా విత్తిన చేలోనూ మొక్క లేతగా ఉండగానే ఎండలు ముదిరి పురుగు పెరుగుతుంది. సోకిన మొక్కకు మందు లేదు, కాయ కట్టదు. కనిపించినవి కనిపించినట్టు పీకి కాల్చేయండి. పురుగుకు డైమిథోయేట్ లీటరుకు 2 మిల్లీలీటర్లు, సాయంత్రం పూట. పూత మీద పొద్దున కొడితే తేనెటీగలు చస్తాయి.

ప్రశ్న: నువ్వులు కాదు, పొద్దుతిరుగుడు. పువ్వు పెద్దగానే ఉంది కానీ మధ్యలో తాలు గింజలు. మరో దఫా యూరియా వేయాలా?
(ఒక పాఠకుడు, సిద్దిపేట)

జవాబు: అక్కర్లేదు. పొద్దుతిరుగుడుకు నత్రజని సగం విత్తేటప్పుడు, పావు 30 రోజులకు, పావు 50 రోజులకు వేస్తే సరి. మధ్యలో తాలు రావడానికి కారణం పరాగసంపర్కం చాలకపోవడం, బోరాన్ లోపం, గింజ నిండే రోజుల్లో నీటి ఎద్దడి. పువ్వు అంచు రేకులు విచ్చుకునే దశలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ పిచికారీ చేయండి. బోరాక్స్‌ను ముందు కొద్ది వేడినీటిలో కరిగించాలి. పూత రోజుల్లో ఉదయం 9-11 గంటల మధ్య మెత్తని గుడ్డతో పువ్వుల మీద రోజు మార్చి రోజు రుద్దండి. యాసంగి పంటను ఆలస్యంగా వేసి పూతను ఏప్రిల్ ఎండలకు పట్టిస్తే మాత్రం ఇవన్నీ చేసినా తాలు కొంత తప్పదు.

ప్రశ్న: నువ్వు కోత ఎప్పుడన్నది ఎలా తెలుసుకోవాలి? పైన ఇంకా పూత ఉంటుంది, కింద కాయ పగులుతుంది.
(ఒక పాఠకురాలు, రాయికల్)

జవాబు: పై పూతను పట్టించుకోవద్దు, అది గింజ కాదు. ఆకులు పసుపుబారి సగానికి పైగా రాలి, నాలుగింట మూడు వంతుల కాయలు పచ్చదనం పోయి లేత పసుపుకు తిరగ్గానే కోయండి. అడుగు కాయను గోటితో చీల్చి చూస్తే గింజ తన అసలు రంగుకు వచ్చి ఉండాలి. అప్పటికి కాయ కొస ఇంకా మూసే ఉంటుంది. రెండు రోజులు ఆగితే నెర్రె విడుస్తుంది. పొద్దున చల్లని వేళ కోసి, చిన్న కట్టలు కట్టి, కొసలు పైకి ఉండేలా కల్లంలో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. కింద టార్పాలిన్ తప్పనిసరి. అయిదారు రోజులకు కట్టను తలకిందులు చేసి కర్రతో మెల్లగా తడితే మొదటి రాల్పులోనే ఎక్కువ గింజ వస్తుంది. మళ్లీ నిలబెట్టి మూడు నాలుగు రోజులకు రెండోసారి రాల్చండి. మొదటి రాల్పు గింజ నిండుగా, ఒకే రంగులో ఉంటుంది. రెండోది సన్నం. రెండింటినీ కలపకుండా వేరు వేరు సంచుల్లో అమ్మకానికి తీసుకెళ్తే మొదటిదానికైనా మంచి ధర పలుకుతుంది.